నాలుగువందలవ వరుస

"బూట్లు!"

అక్క అరుపుకి ఇన్‌స్పెక్టర్ ఎత్తిన కాలు గాల్లోనే ఆగిపోయింది.

ఇంకాసేపట్లో బేడీలు పడబోయే మనిషి, ఆ బేడీలు జేబులో పెట్టుకున్న మనిషినే గద్దించింది. గుమ్మం దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వాపుకోవడానికి పక్కకి తిరిగాడు.

ఆ గదిలో నేల కనబడదు. గోడ నుంచి గోడ దాకా పరిచిన కాగితమే నేల. దానిమీద గోరంత చిప్పుని ఐదు వందల రెట్లు పెంచి గీసిన బొమ్మ. సన్నటి గీతలు, లక్షల గీతలు. పర్సనల్ కంప్యూటర్లో బొమ్మలు గీసే చాకిరీని ప్రాసెసర్ నెత్తిమీంచి దించి తన నెత్తిన వేసుకునే చిప్పు అది. తయారీ కర్మాగారానికి దాని డిజైన్ నింపిన టేపు సాయంత్రంలోగా వెళ్లాలి. రెండేళ్లుగా డెబ్బై మంది పడ్డ పాటు ఆ ఒక్క టేపులో ఉంది. ఆ చిప్పుకి ప్రాణం పోసిన మాస్టారు మాత్రం పక్క గదిలోంచి తెల్లగుడ్డ కింద వెళ్లిపోయి గంట దాటింది.

ఇన్‌స్పెక్టర్ కాలు వెనక్కి తీసుకుని బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. డిటెక్టివ్ మాత్రం అప్పటికే వాటిని బయట విడిచి, మేజోళ్లతో కాగితం అంచున కూర్చుని ఉన్నాడు.

"మూడూ పది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుని. "నాలుగింటికి వ్యాన్ వస్తుంది. ఈవిడ నాతో వస్తుంది. ఈలోగా మీ ముచ్చట తీర్చుకోండి, బూడిద సార్."

డిటెక్టివ్ అంతకుముందు పద్దెనిమిదేళ్లు బీమా కంపెనీ తరఫున తగలబడ్డ గోదాముల్లో బూడిద కెలికి నిప్పెలా పుట్టిందో చెప్పేవాడు. ఆ పేరు పెట్టింది ఇన్‌స్పెక్టరే. రెండుసార్లు తన కేసు తలకిందులు చేసిన కోపం అందులో ఉంది.

"యాభై నిమిషాలు. చాలు," అన్నాడు డిటెక్టివ్. "మీ కథ ఇంకోసారి చెప్పండి. ఈసారి నెమ్మదిగా."

"కథేముంది? పొద్దున తొమ్మిదింబావుకి ఈవిడా, మాస్టారూ ఈ గదిలో గొంతులు చించుకుని పోట్లాడుకున్నారు. కింద వాచ్‌మన్‌కి కూడా వినబడింది. ఎందుకని అడిగితే ఈవిడ నోరు మెదపదు. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి భోజనం నుంచి ఒక్కతే పైకి వచ్చింది. ఆయన పక్కనున్న మెషీన్ రూములో. ఒంటిగంటా నలభైకి బెల్ మోగింది. నిప్పు ఆర్పడానికి పెట్టిన గ్యాసు ఆ గదిలోకి వదిలే మీట తలుపు బయట, అదిగో, ఈవిడ కూర్చునే చోటికి నాలుగడుగుల దూరంలో ఉంది. లోపల నిప్పు లేదు. మనిషి ఉన్నాడు. గాలాడక పోయాడు. జేబులో ఈవిడ ఎర్ర పెన్సిల్. ఇంకేం కావాలి మీకు, చేతిరాతతో ఉత్తరమా?"

"జేబులో ఇంకేమున్నాయి?"

"కళ్లజోడు పెట్టె. ఏదో కంప్యూటర్ పత్రికలోంచి చింపిన ఒక పేజీ, ఎవరిదో ప్రకటన. పనికిమాలినవి."

"పనికిమాలినవే నాకిప్పించండి. పనికొచ్చేవి మీరుంచుకోండి."

అక్క ఇవేవీ విననట్టు గోడకానుకుని కూర్చుంది. యాభై దాటిన మనిషి. పదకొండేళ్లుగా ఈ కాగితాల మీద మోకాళ్ల మీద పాకి, గీత గీతా వేలితో నడిపించి, సరైనదాని మీద రంగు పూయడం ఆమె పని. మాస్టారిది ఆకుపచ్చ రంగు. ఆమెది ఎరుపు. ఎరుపు పడిందంటే తప్పు దొరికిందని అర్థం. వయసులో పెద్దవాళ్లు కూడా ఆమెని అక్కా అనే పిలుస్తారు.

డిటెక్టివ్ లేచి మెషీన్ రూము తలుపు దగ్గరికి వెళ్లాడు. బయటికి తెరుచుకునే బరువైన తలుపు. దాని మీద ఎర్రక్షరాల్లో హెచ్చరిక: బెల్ మోగితే తలుపు తెరవరాదు. వంగి గడప చూశాడు. కాగితపు చుట్టలు దొర్లిపోకుండా వాడే చెక్కముక్కలు గోడవార వరసగా ఉన్నాయి. తలుపు ముందు కాగితం పరవని కాస్త నేల మీద వేలెడంత తాజా రాపిడి గీత. ఒక చెక్కముక్క అంచు దానికి అచ్చంగా సరిపోయింది.

"తలుపు కింద చెక్క బిగించారు. లోపలి మనిషి ఎంత తోసినా రాదు," అన్నాడు.

"ఈవిడే బిగించింది. నా కేసుకి ఇంకో మేకు కొట్టారు. థాంక్స్," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ మెషీన్ ఆపరేటర్‌ని పిలిచాడు. సన్నటి మనిషి. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. శవాన్ని మొదట చూసింది ఇతనే.

"బెల్ వినగానే ఏం చేశారు?"

"కింద స్టోర్‌లో ఉన్నాను సార్. మాస్కు తగిలించుకుని పరిగెత్తుకొచ్చాను. అక్క తలుపు బాదుతోంది, మాస్టారూ మాస్టారూ అని. ఆవిణ్ణి లాగేసి తలుపు తీశాను. ఒంటిగంటా నలభై అయిదు అయ్యుంటుంది."

"అప్పుడు చెక్కముక్క ఉందా?"

"లేదు సార్."

"తలుపు పిడి ఎలా ఉంది? చల్లగా?"

ఆపరేటర్ ఆలోచించాడు. "మామూలుగానే ఉంది సార్."

"లోపల తెల్లటి పొగమంచు?"

"లేదు సార్. ఏమీ లేదు. ఆయన పడి ఉన్నారంతే."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "ఆ గ్యాసు సిలిండర్‌లోంచి ఎముకలు కొరికే చలితో వస్తుంది. పైపు మూతి మీద మంచు పేరుకుంటుంది. అయిదు నిమిషాల్లో ఆ చలి మాయం కాదు. నేను ఇలాంటి గదులు పదహారు చూశాను."

"మాస్కు తొడుక్కుని, గుండె గొంతులో పెట్టుకుని పరిగెత్తినవాడికి చలీ వేడీ తెలుస్తుందా?" ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు. "బెల్ మోగింది. ఈ భవనంలో డెబ్బై మంది విన్నారు. బెల్ మోగిన అర నిమిషానికి గ్యాసు వస్తుంది. బెల్ ఒంటిగంటా నలభైకి మోగిందంటే గ్యాసూ అప్పుడే..."

గణగణమని బెల్ మోగింది.

కానిస్టేబుల్ రెండంగల్లో మెట్ల మీదున్నాడు. ఇన్‌స్పెక్టర్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చెవులు చిల్లులు పడేలా పది సెకన్లు మోగి ఆగిపోయింది.

"ఇప్పుడు గ్యాసు వచ్చిందా?" అడిగాడు డిటెక్టివ్.

"ఎవడు నొక్కింది?"

"కింద వాచ్‌మన్. మూడుంబావుకి నొక్కమని నేనే చెప్పొచ్చాను. కింద మీటింగ్ రూము బయట వరండాలో ఒక పెట్టె ఉంది. అందులో రెండు మీటలు. ఒకటి బెల్‌ని నోరుమూయిస్తుంది. రెండోది గ్యాసుతో పనిలేకుండా బెల్ ఒక్కదాన్నే మోగిస్తుంది, నెలనెలా పరీక్ష కోసం. ముందు నోరుమూయించి, పైన మీట లాగి, తర్వాత ఎప్పుడు కావాలంటే అప్పుడు కింద నుంచి మోగించుకోవచ్చు. బెల్ మోగిన టైముకీ మనిషి పోయిన టైముకీ సంబంధం లేదు."

ఇన్‌స్పెక్టర్ తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. తేరుకున్నాక నవ్వాడు కూడా.

"బాగుంది. చాలా బాగుంది. కానీ కాగితం అబద్ధమాడదు బూడిద సార్." చంకలోని ఫైలు తీసి పది కాగితాలు గుమ్మం పక్కనున్న బల్ల మీద పరిచాడు. "ఏమయ్యా ఆపరేటర్, ఇదేంటో ఈయనకి చెప్పు."

ఆపరేటర్ బల్ల దగ్గరికి వచ్చాడు. "చిప్పు ఇంకా తయారుకాలేదు కదా సార్. అది ఎలా పనిచేస్తుందో పెద్ద కంప్యూటర్ చేత నటింపజేస్తాం. ఒక ఓడ బొమ్మ గీయమంటాం. వందల త్రికోణాలు అతికిస్తే ఓడ. తెర మీద నాలుగు వందల ఎనభై వరుసలు. ఒక్కో వరుస అయ్యేకొద్దీ, వరుస నంబరూ, అందులో ఎన్ని చుక్కలు వెలిగాయో ఆ అంకే, ఈ గదిలో ఉన్న ప్రింటర్ మీద పడతాయి. గంటా నిమిషం వెయ్యదు."

"ఒక్కో వరుసకి ఎంతసేపు?"

"అర నిమిషం. చుక్క ఉన్నా లేకపోయినా వరుసంతా తడిమి చూస్తుంది, అందుకని తేడా రాదు. మాస్టారు సరిగ్గా పదింటికి మొదలుపెట్టారు. పైన ఆయన ఆకుపచ్చ పెన్సిల్‌తో రాసుకున్నారు కూడా."

"గ్యాసు వదిలితే?"

"కంప్యూటర్‌కి కరెంటు దానంతటదే పోతుంది సార్."

"విన్నారా?" ఇన్‌స్పెక్టర్ చివరి కాగితం మీద వేలు పెట్టాడు. "ఆఖరి వరుస నాలుగు వందల నలభై. అంటే రెండు వందల ఇరవై నిమిషాలు. పదింటి నుంచి లెక్కేసుకోండి. ఒంటిగంటా నలభై! అప్పటిదాకా కంప్యూటర్ నడిచింది. అప్పటిదాకా గ్యాసు రాలేదు. ఆ టైముకి పైనున్నది ఈవిడ ఒక్కతే. పైగా ఈవిడేమందో తెలుసా? ఒంటిగంటా ఇరవైకి తనొచ్చేసరికే ప్రింటర్ చప్పుడు లేదట!"

గదిలో అందరూ అక్క వైపు చూశారు.

"లేదు," అంది అక్క. మొదటిసారి మాట్లాడింది. "కాగితం అయిపోయిందేమో అనుకున్నా."

డిటెక్టివ్ వెళ్లి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "లేచి చూడలేదేం?"

"పొద్దున అరుచుకున్నాం కదా." ఆమె చూపు తలుపు మీదే ఉంది. "లోపలున్నారు, ఆయనే వస్తారు, ఆయనే పలకరిస్తారు అనుకున్నా. ముందు నేనెందుకు మాట్లాడాలి అని బిగుసుక్కూర్చున్నా. ఇరవై నిమిషాలు. ఆ తలుపు ఒక్కసారి తట్టుంటే..."

ఆపరేటర్ తల దించుకున్నాడు.

"ఎందుకు అరుచుకున్నారు?"

అక్క కాగితం అంచు సవరించింది.

"అమ్మా, ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పకపోతే పోయె. ఆ గదిలో పోయిన మనిషి కోసం చెప్పండి."

"ఆయన కోసమే చెప్పట్లేదు," అంది ఆమె. "పోయిన మనిషి పనిలో ఆఖరి రోజున తప్పు దొరికిందని నా నోటితో ఎలా చెప్పను? రేపు పత్రికలవాళ్లు ఆయన పేరు పక్కన అదే రాస్తారు."

డిటెక్టివ్ కళ్లు చిన్నవయ్యాయి. "ఏం తప్పు?"

ఆమె కాగితం మీదికి పాకి, బొమ్మ మధ్యలో ఒక చోట వేలు పెట్టింది. "ఈ తీగ ఇటు కలవాలి. అటు కలిసింది. రెండు త్రికోణాలు ఆనుకున్న చోట ఆఖరి చుక్క వదిలేస్తుంది. తెర మీద వెంట్రుకవాసి చీలిక. పొద్దున్నే పట్టుకున్నా. మాకిక్కడ ఒక పద్ధతుంది. తప్పు దొరికితే ఎర్రగీత కొట్టి, అందరికీ వినబడేలా పైకి చదవాలి. ఎన్నో వరుస, ఏముండాలి, ఏముంది, ఎవరి చెయ్యి. పెద్దా చిన్నా లేదు. ఆ పద్ధతి పెట్టింది మాస్టారే. అలాంటిది పొద్దున, 'చదవొద్దు. ఎర్రగీత కొట్టొద్దు. రెండింటి మీటింగులో నేనే చెప్తాను, అప్పటిదాకా మూడో కంటికి తెలియకూడదు' అన్నారు. నాకు ఒళ్లు మండింది. పదకొండేళ్లలో తప్పు దాచలేదు, ఇప్పుడు దాచనన్నా. నా చేతిలో పెన్సిల్ లాక్కుని జేబులో పెట్టుకున్నారు."

డిటెక్టివ్ ఆ తీగ మీదికి వంగాడు.

"తప్పు దిద్దారా?"

"తొమ్మిదీ నలభైకి దిద్దాం సార్," అన్నాడు ఆపరేటర్ మెల్లగా. "ఆయన చెప్తుంటే నేనే టైప్ చేశాను. ఎందుకు ఎవరికీ చెప్పొద్దన్నారో అడగలేదు. ఆ దిద్దుబాటుతోనే పదింటికి ఓడ మొదలుపెట్టాం."

"ఈ దిద్దుబాటు సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మా ముగ్గురికే."

డిటెక్టివ్ పత్రిక పేజీ విప్పాడు. పోటీ కంపెనీవాళ్ల ప్రకటన. వచ్చే నెల రాబోయే వాళ్ల చిప్పు గీసిన రంగుల కోట బొమ్మ. కోట బురుజు మీద, రెండు త్రికోణాలు కలిసే చోట వెంట్రుకంత నల్లటి చీలిక. దాని చుట్టూ ఆకుపచ్చ పెన్సిల్‌తో సున్నా.

అక్క అది చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇది మన తప్పే! వాళ్లకెలా వచ్చింది?"

"ఇక్కణ్ణుంచే వెళ్లింది. మీరు తప్పు చూపించిన క్షణాన మాస్టారికి అది అర్థమైంది. దొంగ ఇంట్లోనే ఉన్నాడు. అందుకే దిద్దుబాటు దాచారు. ఎవరి దగ్గర పాత తప్పు బయటపడుతుందో చూద్దామని. ఆయనకి అనుమానం వచ్చిందని పసిగట్టిన దొంగ రెండింటి మీటింగు దాకా ఆగనివ్వలేదు." డిటెక్టివ్ లేచాడు. "ఆపరేటర్‌గారూ, నిన్న కూడా ఇదే ఓడ నడిపారా?"

"నడిపాం సార్. నిన్నటి కాగితాలు ఆ అలమారలో ఉంటాయి."

"తీసుకురండి. ఇన్‌స్పెక్టర్‌గారూ, ఈ పది కాగితాలూ మీకు దొరికినప్పుడు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయా, విడివిడిగానా?"

గుమ్మంలోకి తిరిగొచ్చిన కానిస్టేబుల్ వైపు ఇన్‌స్పెక్టర్ చూశాడు. కానిస్టేబుల్ నీళ్లు నమిలాడు. "ప్రింటర్ వెనక మడతలు పడి ఉన్నాయి సార్. ఫైల్లో పట్టట్లేదని... గీతల దగ్గర నేనే చింపాను."

"అన్నీనా? ఒక్కటి కూడా ముందే ఊడి లేదా?"

"చూసుకోలేదు సార్."

ఇన్‌స్పెక్టర్ ఖాళీ ఫైలు చప్పుడయ్యేలా మూశాడు.

అలమార దగ్గర ఆపరేటర్ కాగితాల దొంతరని రెండోసారి లెక్కపెట్టాడు. "సార్... నిన్నటివాటిలో రెండు లేవు. తొమ్మిదో కాగితం, పదోది."

"ఒక్కో కాగితం మీద ఎన్ని వరుసలు?"

"నలభై నాలుగు."

"అయితే ఎనిమిది కాగితాలకి మూడు వందల యాభై రెండు. నూట డెబ్బై ఆరు నిమిషాలు. పన్నెండూ యాభై ఆరు." డిటెక్టివ్ ప్రింటర్ పక్కకి వెళ్లి నిలబడ్డాడు. "హంతకుడు ఇక్కడే నిలబడ్డాడు. అందరూ భోజనానికి వెళ్లారు. కింద బెల్ నోరు మూయించి వచ్చాడు. తలుపు కింద చెక్క తోశాడు. వెంటనే మీట లాగలేదు. కాగితం నిండే దాకా ఆగాడు. వరుస తర్వాత వరుస, అర నిమిషానికొకటి. తలుపవతల మనిషి తన పని తాను చేసుకుంటున్నాడు, ఇవతల వీడు అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు. కాగితం సరిగ్గా అంచుకి వచ్చాక లాగాడు. చప్పుడు ఆగాక చెక్క తీశాడు. నిన్నటి రెండు కాగితాలు చింపి, ఇవాళ్టి ఎనిమిదింటి కింద పెట్టాడు. దిగిపోయాడు. నాలుగు వందల నలభైకి సరిపోయేలా ఒంటిగంటా నలభైకి కింద బెల్ నొక్కాడు. పన్నెండూ నలభై నుంచి ఒకటీ ఇరవై దాకా అక్క ఎక్కడుంది?"

"కింద మాతోనే భోంచేసింది సార్, నలభై మంది మధ్య," అన్నాడు ఆపరేటర్.

డిటెక్టివ్ అక్క వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అమ్మా, మీరు పైకొచ్చేసరికే ఆయన పోయి ఇరవై నిమిషాలు దాటింది. మీరు తలుపు తట్టినా ఆయన పలికేవారు కాదు."

అక్క కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పొద్దుట్నించి రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

"ఊహ!" ఇన్‌స్పెక్టర్ అన్నాడు. కానీ గొంతులో ఇందాకటి పదును లేదు. "రెండు కాగితాలు కనబడకపోతే ఎక్కడైనా పడిపోయి ఉండొచ్చు. ఈ తొమ్మిదీ పదీ నిన్నటివే అని కోర్టులో ఎలా చూపిస్తారు? అన్నీ అంకెలేగా!"

"అంకెలే చూపిస్తాయి. నాలుగవుతోంది. కింద మీటింగ్ రూములో ఉన్నాయన్ని టేపుతో పైకి రమ్మనండి."

మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. వచ్చినాయన టేపు పెట్టెని రెండు చేతుల్తో గుండెకి హత్తుకుని ఉన్నాడు. పరీక్షల విభాగానికి అధిపతి. మాస్టారి ఒక్కగానొక్క కూతురి భర్త. వాచ్‌మన్ నుంచి కంపెనీలో మాస్టారి భాగస్వామి దాకా అందరూ ఆయన్ని అల్లుడుగారూ అనే అంటారు. గుమ్మంలో అలవాటుగా బూట్లు విడిచాడు.

"కొరియర్ ఎదురుచూస్తున్నాడు సార్," అన్నాడు బొంగురు గొంతుతో. "మావగారి ఆఖరి పని. టైముకి వెళ్లనివ్వండి."

"వెళ్తుంది. ఇందులో ఉన్నది ఎప్పటి డిజైన్?"

"నిన్న రాత్రి పూర్తయిందే. నేనే పరీక్షించి సంతకం చేశాను. ఒక్క తప్పు లేదు."

"ఇవాళ పొద్దున ఎన్నింటికి వచ్చారు?"

"పదిన్నరయింది."

"మధ్యాహ్నం?"

"ఇంటికెళ్లి భోంచేసి ఒంటిగంటకి వచ్చాను. బెల్ మోగినప్పుడు భాగస్వామిగారితో మీటింగులో ఉన్నాను. ఇన్‌స్పెక్టర్‌గారు రాసుకున్నారు కూడా."

"మధ్యలో లేచి వెళ్లలేదూ?"

"మా ఆవిడకి ఫోన్ చేద్దామని ఒక్క నిమిషం వరండాలోకి..." అల్లుడు ఆగాడు.

ఇన్‌స్పెక్టర్ జేబు పుస్తకం తీశాడు. ఏదో వెతికి, అక్కడే వేలు ఉంచి, తలెత్తకుండా అన్నాడు: "ఒంటిగంటా ముప్పై ఎనిమిది. భాగస్వామి చెప్పాడు. నేనే రాశాను." తర్వాత బూట్లు విప్పి, మేజోళ్లతో కాగితం మీదికి వచ్చి, అల్లుడికీ మెట్లకీ మధ్య నిలబడ్డాడు.

డిటెక్టివ్ మాస్టారి జేబులో దొరికిన ఎర్ర పెన్సిల్‌ని ఇన్‌స్పెక్టర్ నుంచి తీసుకుని అక్క ముందు పెట్టాడు. దాని పక్కన పదో కాగితం.

"దిద్దుబాటు సరైందో కాదో చూడ్డానికి ఏదైనా వరుస చేత్తో లెక్కగట్టారా?"

"నాలుగువందలవది," అంది అక్క కళ్లు తుడుచుకుని. చీర మడతలోంచి నాలుగు మడతల గళ్ల కాగితం తీసింది. చుక్క చుక్కా పెన్సిల్‌తో నింపి ఉంది. అడుగున మాస్టారి ఆకుపచ్చ సంతకం. "ఇద్దరం కలిసి లెక్కపెట్టాం."

"అయితే మీ పద్ధతి ప్రకారం చదవండి. అందరికీ వినబడేలా."

ఆమె కాగితం మీదికి వంగింది. వేలు వరుసల మీదుగా దిగుతూ దిగుతూ ఒకచోట ఆగింది. అల్లుడి చూపు ఆ గళ్ల కాగితం మీద ఉంది. అలాంటిదొకటి ఉందని అతనికి ఇప్పుడే తెలిసింది.

"వరుస నాలుగు వందలు." అక్క గదంతా వినబడేలా చదివింది. "దిద్దిన చిప్పు గీస్తే ఉండాల్సింది మూడు వందల పద్దెనిమిది. ఇక్కడున్నది మూడు వందల పదిహేడు. ఇది ఇవాళ గీసింది కాదు. దిద్దిన సంగతి తెలియనివాళ్లు పెట్టింది."

ఎర్ర పెన్సిల్‌తో అంకె కింద గీత కొట్టింది.

"ఎవరి చెయ్యి?" అడిగాడు డిటెక్టివ్.

అక్క తలెత్తింది. ఈ మనిషి పెళ్లిలో ఆమె పెళ్లికూతురి పక్కన నిలబడింది. రెండేళ్లు ఇదే కాగితం మీద ఇతని పక్కనే మోకాళ్ల మీద పాకింది. కింద ఎక్కడో ఆ కూతురు, తండ్రి పోయాడని మాత్రమే తెలిసి, ఇంకా ఏడుస్తూ ఉంది.

అయినా పద్ధతి పద్ధతే. మాస్టారు పెట్టింది.

"అల్లుడుగారిది," అంది.